గుండెచప్పుళ్ళ నికర తూకం

మొదలుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: పైపులు, కుళాయిలు, మేకులు అమ్మే రెండంతస్తుల కొట్టు ఒకటి, దాని వెనక గోడౌను ఒకటి, సగం వాటాదారుడైన బావమరిది ఒకడు, పనివాళ్ళు నలుగురు. ఈ నలుగురూ ఎంత పని చేస్తున్నారో కొలవకుండానే ఇరవై ఆరేళ్ళు వ్యాపారం చేశానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. సాయంత్రానికి సరుకు కదిలిందా, కొన్నవాడు మళ్ళీ వచ్చాడా అని చూసుకుని, పని జరిగిందనుకునేవాణ్ణి. అంత వెనకబడిన పద్ధతి అది.

నలుగురిలో ఒకామె కౌంటరు దగ్గర బిల్లులు కొడుతుంది. ఆమెకు భర్త, పిల్లలతోపాటు ఒక ఆడపడుచు కూడా ఉంది. ఆ ఆడపడుచు మా సంస్థ అభివృద్ధిలో పాలుపంచుకుంటుందని అప్పుడు తెలియదు. అమ్మకాలు చూసే నలభై ఏళ్ళ మనిషిని వీధంతా హడావిడి అంటుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే పలకడు. మూడో ఆయన బండి తోలతాడు. నాలుగో ఆయన గోడౌను చూస్తాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, అందరికీ బాబాయ్.

బాబాయ్ పని తీరు ముందే చెప్పడం మంచిది. పైపు మలుపు దగ్గర బిగించే ఎల్బో ఫలానా సైజుది కావాలని ఎవరైనా అడిగితే ఆయన కళ్ళు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చేంతసేపు నిలబడేవాడు. తర్వాత తిన్నగా నడిచి వెళ్ళి, చెయ్యి పెట్టాల్సిన పెట్టెలోనే పెట్టి, ఆ ఎల్బోతోపాటు కొనేవాడు అడగడం మరిచిపోయిన టేపూ వాషరూ కూడా పట్టుకొచ్చేవాడు. ఒకే నడక. ఆయన పరుగెత్తగా నేను చూడలేదు. వస్తువు కోసం వెతకగా కూడా చూడలేదు. ఈ రెండూ తీవ్రమైన లోపాలని తర్వాత రుజువైంది.

మా బావమరిది ఒక పెద్ద హోటల్లో జరిగిన ఒకరోజు శిక్షణకు వెళ్ళాడు. భోజనం బాగుందట. తిరిగి వస్తూ మెడలో గుర్తింపు కార్డూ, చేతిలో నాలుగు ఫిట్‌నెస్ బ్యాండ్లూ తెచ్చాడు. మనిద్దరికీ ఎందుకు తేలేదని అడిగితే, "తూచేవాడు కాటా ఎక్కడు బావా" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని మీద నాకున్న అనుమానాలన్నీ తీరిపోయాయి.

అతను చెప్పింది ఇది. ఈ బ్యాండు మణికట్టుకు కట్టుకుంటే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఫోనులో చూపిస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు తక్కువ, మెట్లెక్కినప్పుడు ఎక్కువ, బరువు మోసినప్పుడు ఇంకా ఎక్కువ. నేను వెంటనే పట్టేశాను. మేకుల సంచి కాటా మీద పెడతాం, సంచి బరువు తీసేస్తాం, మిగిలింది మేకులు. అలాగే ఊరికే కూర్చున్న మనిషి గుండెచప్పుళ్ళు సంచి. అంతకుమించి కొట్టుకున్నవన్నీ సరుకు, అంటే పని. ఈ ముక్క శిక్షణ ఇచ్చినవాళ్ళకు కూడా తట్టలేదు. పథకం బావమరిదిదే అయినా, సంచి ఆలోచన నాదేనని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

మర్నాడు గోడ మీద ప్రకటన అంటించాం. "సిబ్బంది యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై పని అనగా నిశ్చలస్థితికి మించిన గుండెచప్పుళ్ళు మాత్రమే. వరసగా మూడు వారములు అట్టడుగున నిలిచినవారికి సంస్థ కృతజ్ఞతలు తెలిపి, వారి సేవలను చాలించుకొనును." కృతజ్ఞతలు అన్న మాట నేనే చేర్పించాను. కటువుగా ఉండకూడదు కదా.

ముందు సంచులు తూచాం. ఒక్కొక్కరినీ స్టూలు మీద అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి అంకె రాసుకున్నాం. బిల్లులామెది డెబ్బై ఎనిమిది. హడావిడిది ఎనభై రెండు. బండాయనది డెబ్బై నాలుగు. బాబాయ్‌ది యాభై ఆరు. బ్యాండు చెడిపోయిందేమోనని హడావిడి చేతికి మార్చి చూశాం. అది బాగానే ఉంది, తప్పు బాబాయ్‌లోనే ఉంది. "సంచి తేలికైతే మంచిదేగా బావా, సరుకు ఎక్కువ పడుతుంది" అన్నాడు బావమరిది. ఈ నాలుగు అంకెలూ శాశ్వతమని, మళ్ళీ మార్చేది లేదని నిశ్చయించుకున్నాం. సంచి బరువు రోజూ మార్చేవాణ్ణి ఎవరూ నమ్మరు.

మొదటి వారం ఫలితాలు మా కళ్ళు తెరిపించాయి. కుర్చీలోంచి లేవకుండానే బిల్లులామె అందరికన్నా పైన నిలిచింది. ఫోనులో ఆమె గీత రోజూ పదకొండు గంటలకు ఒక కొండ, నాలుగు గంటలకు ఒక కొండ ఎక్కి దిగుతోంది. ఆ సమయాల్లో ఆమె ఏ పని చేస్తోందో తెలుసుకుని మిగతావాళ్ళకూ నేర్పాలని బావమరిది ఆరా తీశాడు. ఆ రెండు వేళల్లోనూ ఆడపడుచు ఫోను చేస్తుందట. అత్తగారి కుట్టుమిషను ఎవరికి చెందాలన్న విషయం మీద మూడు నెలలుగా చర్చ జరుగుతోందట. ఫోను వ్యక్తిగతమే కావచ్చు, కొట్టుకున్నది మాత్రం మన వేళల్లోనే కదా అని ఆ చప్పుళ్ళన్నీ సంస్థ ఖాతాకే తీసుకున్నాం.

రెండో వారం మధ్యలో ఆమె గీత చదునైపోయింది. బావమరిది కంగారుగా పిలిపించాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి. ఆ మిషను తనకే ఇచ్చేశాను. పిల్లల బట్టలు కుట్టుకుంటుందట, పోన్లెమ్మనుకున్నా."

"ఇవ్వడం నీ మంచితనమమ్మా, కాదనను. కానీ న్యాయం అనేది కూడా ఒకటుంది కదా. ముసలావిడ అది నీకిస్తాననే అందని నువ్వే చెప్పావు."

"అంది సార్."

"మరి? సంస్థ సంగతి కూడా కాస్త ఆలోచించు."

సోమవారానికల్లా ఆమె మిషను తిరిగి అడిగింది. పదకొండు గంటల కొండ మళ్ళీ లేచింది, ఈసారి ఇంకాస్త ఎత్తుగా.

హడావిడి తనంతట తానే ఎదిగాడు. ఒక ప్లంబరు వచ్చి డజను వాషర్లు అడిగితే, మేడ మీదికెక్కి ఒకటి తెచ్చి ఇచ్చి, మళ్ళీ ఎక్కాడు.

"ఏమయ్యా, పన్నెండు వాషర్లకి పన్నెండుసార్లు ఎక్కుతావా?" అన్నాడు ప్లంబరు.

"ఒక్కొక్కటే చూసి, మంచివి ఏరి తెస్తున్నానండి."

"నేను బిగించాల్సింది కుళాయికయ్యా, కిరీటానికి కాదు."

ఏడో వాషరు దగ్గర ప్లంబరు ఎదురు కొట్టుకు వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళ ఖాతాదారు పోయినందుకు హడావిడి గుండె మరో పదిహేను పెరిగిందని, ఆ విధంగా నష్టంలో కూడా పని జరుగుతోందని బావమరిది చూపించాడు. కాదనడానికి నా దగ్గర కారణం లేదు, అంకె ఎదురుగా ఉంది.

బండాయన మాటకారి కాదు, ప్రయోగశీలి. స్ట్రాంగు టీ రెండోది తాగాక గుండె పెరుగుతుందని, తిన్న వెంటనే పెరుగుతుందని, ఎండలో అద్దాలు ఎత్తేసిన బండిలో కూర్చుంటే ఏమీ చేయకుండానే పెరుగుతుందని వారం రోజుల్లో కనిపెట్టాడు. పట్టీ కాస్త వదులు చేసి, ఇంజను ఆన్ చేసి, వణికే స్టీరింగు మీద చెయ్యి పెడితే ఆ బ్యాండు మనిషిని వదిలేసి బండిని లెక్కపెడుతుందని కూడా అతనే కనిపెట్టాడు. కదలని బండిలో అంత పని జరగడం మా వీధి చరిత్రలో అదే మొదలు.

ఇక బాబాయ్ సంగతి. ఒక పెద్ద అపార్ట్‌మెంటులో నీళ్ళ పంపు దగ్గర వాల్వు పగిలి, తయారీ ఆగిపోయిన పాత సైజు కోసం వాళ్ళ మేనేజరు ఊరంతా తిరిగి మా దగ్గరికి వచ్చాడు. బాబాయ్ కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. వెళ్ళాడు. ఆరేళ్ళ దుమ్ము తుడిచి వాల్వు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మేనేజరు ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ పది నిమిషాలకు ఫోనులో వచ్చిన రాత ఇది: "మీరు చక్కగా విశ్రాంతి తీసుకున్నారు." బావమరిది ఆ రాతను ముద్రించి ఫైల్లో పెట్టాడు.

రెండు వారాలూ బాబాయే అట్టడుగు. ఇంకొక్క వారం అలాగే గడిస్తే సంస్థ కృతజ్ఞతలు తెలుపుతుంది. అప్పుడాయన నా గదికి వచ్చాడు.

"బాబూ, ఒక మాట చెప్పనా? నాకు తొమ్మిదేళ్ళ నుంచి డాక్టరు రోజూ ఒక మాత్ర వేసుకోమన్నాడు. బీపీకీ, గుండెకీ. అది వేసుకుంటే గుండె పరిగెత్తదట. మెట్లెక్కినా అంతే, మూట మోసినా అంతే."

"ముందే చెప్పాల్సింది కదా బాబాయ్."

"గోడౌను పనికి గుండె చూస్తారని నాకేం తెలుసు బాబూ." ఆయన నవ్వబోయి మానేశాడు. "ఈ వయసులో ఇంకో కొట్టువాడు నన్ను గుమ్మం ఎక్కనివ్వడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

విషయాన్ని బావమరిది ముందు పెట్టాను. నాకు ఎవరి మీదా పక్షపాతం లేదు.

"బావా, కాటా కింద అయస్కాంతం పెట్టినవాణ్ణి మనం ఏం చేస్తాం?" అన్నాడు.

"ఆయన మాత్ర మన కోసం మొదలుపెట్టలేదు కదరా, తొమ్మిదేళ్ళయింది."

"తొమ్మిదేళ్ళుగా మోసం జరుగుతోందన్నమాట."

ఆ తర్కం ముందు నిలబడటం కష్టం. బాబాయ్‌ని పిలిచి ఇలా చెప్పాను: "నిబంధన అందరికీ ఒకటే బాబాయ్. మాత్ర మీ సొంత విషయం. మేం వేసుకోమనీ అనం, మానమనీ అనం." ఏ మూల నుంచి చూసినా మనకు అంటుకోని వాక్యం దొరకడం వ్యాపారంలో అరుదు. ఆ రోజంతా నాకు తృప్తిగా ఉంది.

ఆయన కళ్ళు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చేంతసేపు నిలబడ్డాడు. తర్వాత "సరే బాబూ" అని వెళ్ళిపోయాడు.

మూడో వారంలో అద్భుతం జరిగింది. బాబాయ్ గీత లేచింది. మంగళవారం డెబ్బై, బుధవారం ఎనభై నాలుగు, శనివారానికి కూర్చున్నచోటే తొంభై ఎనిమిది. సంచి యాభై ఆరు దగ్గర తూచి పెట్టాం కాబట్టి పైన పడినదంతా నికరం. ఆయన ఊరికే నిలబడినా హడావిడి మేడెక్కినంత పని అయిపోతోంది. గోడ మీది పట్టికలో వారం తిరిగేసరికి అట్టడుగు నుంచి అందరికన్నా పైకి వెళ్ళాడు. ఎంత బద్ధకస్తుడైనా సరైన కొలత ముందు నిలబెడితే మారతాడనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదని బావమరిది అన్నాడు.

పనిలో మరికొన్ని మార్పులు కూడా గమనించాం. ముప్పావు అంగుళం అడిగితే అంగుళం తెచ్చేవాడు. ఒకసారి నడిస్తే అయ్యేదానికి మూడుసార్లు నడిచేవాడు. రాక్‌లు పట్టుకుని ఆగి ఆగి వెళ్ళేవాడు. ఆయనకు చెమట పట్టగా ఇరవై ఆరేళ్ళలో ఎవరూ చూడలేదు, ఇప్పుడు చొక్కా తడిసి కనిపిస్తోంది. మేమందరం సంతోషించాం. బండాయన ఒక్కడు మాత్రం, "బాబాయ్, నీ కిటుకేంటో నాకూ చెప్పు" అని అడిగాడట. "నీకొద్దురా" అన్నాడట బాబాయ్. పైకి వచ్చాక మనుషులకు ఇలాంటి స్వార్థం రావడం సహజమే.

సోమవారం సాయంత్రం అయిదు గంటలకు సన్మానం ఏర్పాటు చేశాం. పక్క కొట్లవాళ్ళు పది మంది వచ్చారు. కుళాయిల ప్రకటనలు చూపించే గోడ టీవీకి బావమరిది తన ఫోను కలిపాడు, బాబాయ్ గుండె అందరికీ పెద్దగా కనిపించేలా. తర్వాత ప్రసంగించాడు.

"పెద్దలారా, శ్రమ అనేది ఇంతకాలం కంటికి కనిపించని పదార్థం. నేడు మన ముందు అంకె రూపంలో సాక్షాత్కరించింది. ఒకప్పుడు నిమిషానికి యాభై ఆరు దగ్గర నిద్రాణమై ఉన్న ఒక సామాన్యుడు, సంస్థ ఇచ్చిన స్ఫూర్తితో, ఎవరి బలవంతమూ లేకుండా, కేవలం తన సంకల్పబలంతో..."

టీవీలో అంకె నూట ముప్పై ఎనిమిది చూపించింది. బాబాయ్ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ప్రశంసాపత్రం చేతిలో పెట్టగానే నూట నలభై ఆరు అయింది.

"చూడండి," అన్నాడు బావమరిది, "నిలబడి కూడా పని చేస్తున్నాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. బిల్లులామె లేచింది. "సార్, బాబాయ్ మొహం చూడండి, పాలిపోయింది."

"ఉండమ్మా, నూట యాభై దాటబోతోంది."

దాటింది. చప్పట్లు ఇంకా పెరిగాయి. బాబాయ్ కమ్మీ వెంబడే మెల్లగా కిందికి జారి, ఆఖరి మెట్టు మీద పక్కకు ఒరిగాడు. వెనక వరసలో ఇద్దరు ఇంకాసేపు చప్పట్లు కొడుతూనే ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టలేం, వాళ్ళు టీవీ వైపు చూస్తున్నారు, అంకె ఏమీ తగ్గలేదు.

ఆస్పత్రికి మా బండిలోనే తీసుకెళ్ళాం. హడావిడి ఆ రోజు నిజంగా పరుగెత్తాడు కాని తన బ్యాండు కౌంటరు మీదే మర్చిపోయాడు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. డాక్టరు రెండు గంటలు లోపలే ఉండి, బయటికి వచ్చి, ప్రాణానికి భయం లేదన్నాడు. తొమ్మిదేళ్ళుగా వాడుతున్న మాత్ర ఉన్నట్టుండి ఎందుకు ఆపాడని అడిగాడు.

బాబాయ్ భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. ఆవిడే చెప్పింది. "నేనూ అడిగానండి. కొట్లో ఇప్పుడు ఆ మాత్ర వేసుకున్నవాళ్ళని ఉంచట్లేదే అన్నాడు. నేను నమ్మలేదు. అలా ఎవరుంటారు, ఇరవై ఆరేళ్ళు చేసిన చోటు కదా అన్నాను."

నిజమే, అలా ఎవరుంటారు అన్నట్టు నేనూ తల ఊపాను.

బావమరిది బ్యాండు సంగతి వివరించబోయాడు. డాక్టరు ఓపిగ్గానే విన్నాడు. "గుండె మెట్లెక్కితే పెరుగుతుంది. టీ తాగితే పెరుగుతుంది. ఎండకీ, జ్వరానికీ, కోపానికీ పెరుగుతుంది. ఉద్యోగం పోతుందన్న భయానికి కూడా పెరుగుతుంది. మాత్ర వేసుకుంటే పెరగాల్సినప్పుడు కూడా పెరగదు. ఆ పట్టీ ఎంత అని చెబుతుందంతే. ఎందుకో మనిషిని అడగాలి. ఎవరైనా అడిగారా?"

మేం అడక్కుండానే బాబాయే వచ్చి చెప్పాడన్న సంగతి ఆ సమయంలో బయటపెట్టడం అంత అవసరమని నాకు తోచలేదు.

బావమరిది ఫోను తీసి వారం రోజుల గీత చూపించాడు. డాక్టరు వేలితో జరుపుతూ చాలాసేపు చూశాడు. మాత్ర మానిన రోజు, గుండె అదుపు తప్పుతూ వచ్చిన ప్రతి రోజూ, ప్రతి గంటా అందులో ఉన్నాయి.

"ఇంత స్పష్టంగా ఉంది. ఇది రోజూ చూస్తూ మీరేం చెయ్యలేదా?"

"ఎందుకు చెయ్యలేదు డాక్టరుగారూ," అన్నాడు బావమరిది, కాస్త నొచ్చుకుంటూ. "సన్మానం చేశాం."

బాబాయ్ కోలుకున్నాడు. మళ్ళీ మాత్ర వేసుకుంటున్నాడు. భార్య ఆయన్ని మా వీధిలోకి అడుగు పెట్టనివ్వడం లేదు. గోడౌను ఇప్పుడు హడావిడి చూస్తున్నాడు. ఏది ఎక్కడుందో తెలియకపోవడం వల్ల అక్కడ జరుగుతున్న పరుగూ, ఎక్కడం, దిగడం చెప్పనలవి కాదు. కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఇంత పని ఎప్పుడూ జరగలేదు. కొనడానికి వచ్చేవాళ్ళు తగ్గడం వల్ల దానికి అడ్డు కూడా లేదు.

పోయిన నెల వ్యాపారుల సంఘం మమ్మల్ని సమావేశానికి పిలిచింది. సంగతంతా తెలిసి మందలిస్తారేమోనని బావమరిది రానన్నాడు. నేనే వెళ్ళాను. అధ్యక్షుడు నన్ను పరిచయం చేస్తూ, శ్రమకు తూనిక కనిపెట్టిన మార్గదర్శి అన్నాడు. నేను ఏదీ దాచకుండా, మీకు చెప్పినట్టే చెప్పాను. సంచి సంగతి, మాత్ర సంగతి, మెట్ల మీద ఒరిగిన సంగతి, బాబాయ్ భార్య అన్న మాట, అన్నీ. హాల్లో డెబ్బై మంది ఉంటారు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనే చెయ్యెత్తాడు.

"ఎంత బాధాకరమండీ. ఒక్క సందేహం. పడిపోయిన రోజు మొత్తం ఎంత వచ్చింది?"

పుస్తకాలు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆస్పత్రిలో ఎనిమిది గంటలకు నర్సు బ్యాండు విప్పేదాకా అది లెక్కపెడుతూనే ఉంది కాబట్టి, నికరం నలభై ఒక్క వేల మూడు వందల పన్నెండు అని చెప్పాను. అందరూ రాసుకున్నారు.

కాబట్టి చివరి లెక్క ఇది. ఆ వారంలోనే ముప్పై నాలుగు కొట్లవాళ్ళు తమ పనివాళ్ళ చేతులకు బ్యాండ్లు కట్టారు. మాత్రలు వాడేవాళ్ళు ముందే తప్పుకోవాలని వాళ్ళ ప్రకటనలో స్పష్టంగా ఉంది, మా అనుభవం ఆ మేరకు ఉపయోగపడింది. మాకు మిగిలింది ఒక అంకె. దాన్ని వీధిలో ఇంతవరకు ఎవరూ దాటలేదు. దగ్గరకు వస్తున్నారని మాత్రం విన్నాను.